వక్తయు శ్రోతయు

కొంతకాలము క్రిందట శివారు భూములుగల యొక గ్రామమున రైతుల సభ జరుగగా మేమును పోయి యుంటిమి. నారుమడులు ముదురుచున్నవి, నాట్ల యదను దాటిపోవుచున్నది, కాలువనీరు చివరి పొలములకు దిగలేదు. సభ కూడినది అందులకే. పట్టణమునుండి దయచేసిన వక్త మంచి పండితులు, కంఠము గంభీరమైనది. వారు వేదకాలమున కృషికి గల గౌరవముతో ఆరంభించి, కాకతీయులు త్రవ్వించిన చెఱువులను వర్ణించి, కర్షకుని త్యాగమును కొనియాడి, యేబది నిమిషములు ధారాళముగా ఉపన్యసించిరి. మూడు నాలుగు మాఱులు కరతాళధ్వనులు చెలరేగినవి. తిరుగుదారిలో ఒక వృద్ధ కర్షకుడు మాతో కలిసి నడచుచుండగా, "ఏమి తాతా, ఉపన్యాస మెట్లున్నది?" అని యడిగితిమి. "బాబుగారు చాలా బాగా చెప్పేరండి" అని యాతడు మనఃపూర్వకముగా మెచ్చుకొనెను. "ఏమి చెప్పిరి?" అంటిమి. ఆతడు కొంచెముసేపు ఆలోచించి, "అది మాత్రం నాకు తెలీలేదండి. నీళ్ళ సంగతి రేపు లస్కరు నడిగి కనుక్కోవాలి" అనెను.

ఆతడీ మాట పరిహాసమునకై యన్నది కాదు. వక్తయందు ఆతనికి గౌరవమే కలిగినది. కాని యే పనికై అంతమంది తమ పనులు మానుకొని యొకచోట కూడిరో, ఆ పని సభ ముగియునప్పటికి ఆరంభమున నున్నచోటనే నిలిచి యుండెను. వక్తకు కీర్తి వచ్చినది. పొలమునకు నీరు రాలేదు. మన దేశమున ప్రతిదినమును జరుగు సభలలో ఎన్నిటి చరిత్ర యిట్లుండునో పాఠకులే యూహింపగలరు. ఉపన్యాసము వక్త నోట పుట్టును గాని అది పూర్తియగునది శ్రోత మనస్సునందు. ఈ యొక్క విషయమును మఱచుటవలననే మన సభలు పెక్కు వ్యర్థములగుచున్నవని మా యభిప్రాయము.

మాట నేర్వవలసిన యక్కఱ

ఒక్క రాజు పరిపాలించు దేశమున ఆ యొక్కని చెవికి మాట చేరిన చాలును. ప్రజాపరిపాలనమున అట్లు గాదు. 1993 ఏప్రిలు 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగముననే స్థానము కల్పించినది. ఓటర్ల జాబితాలో పేరుగల ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును అందు సభ్యులే. 1997వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ చట్టమువలన కాలువల క్రింద నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. సహకార సంఘములు, పురపాలక సంఘములు, పాఠశాలలలో తలిదండ్రుల సమావేశములు సరేసరి. వీనియన్నిటియందును నిర్ణయము మాటవలన జరుగవలసినదే. అట్టిచోట మాట చెప్పలేనివాని పొలమునకు నీరు ఆలస్యమగును. మాట చెప్పలేని వీధికి దీపము రాదు. చట్టము పలుకుటకు హక్కు నిచ్చినది. పలుకు నేర్పును ఎవరికి వారే సంపాదించుకొనవలయును.

వాక్పటుత్వము పుట్టుకతో వచ్చునదియే గాని నేర్చిన వచ్చునది గాదని పలువురి నమ్మకము. ఈ నమ్మకము రెండు విధముల కీడు చేయుచున్నది. నోరుగలవాడు తనకు నేర్వవలసిన దేమియు లేదని తలచును. నోరులేనివాడు తనకు రానే రాదని మూలకూర్చుండును. ఇరువురును పొరబడుచున్నారు. సంగీతమువలెనే, వ్యవసాయమువలెనే వక్తృత్వమునకును నియమములు కలవు. అవి మన పూర్వులకు తెలియనివి కావు.

సులభ చెప్పిన ధర్మము

మహాభారతమున శాంతిపర్వమునందు సులభ యను సన్న్యాసిని మిథిలకు వచ్చి జనకుని సభలో నిలిచిన ఘట్టము కలదు. రాజామెను నిండుసభలో పరుషముగా ప్రశ్నించెను. ఆమె కోపింపలేదు. ప్రత్యుత్తర మిచ్చుటకు ముందుగా అసలు వాక్యమన నెట్లుండవలయునో రాజునకు బోధించెను. సూక్ష్మత, సంఖ్య, క్రమము, నిర్ణయము, ప్రయోజనము అను నైదును గలదే వాక్యమని యామె సిద్ధాంతము. విషయములోని భేదములను విడదీసి చూచుట సూక్ష్మత. గుణదోషములను లెక్కించి చెప్పుట సంఖ్య. ఏది ముందు, ఏది వెనుక యని యెఱుగుట క్రమము. ఇన్ని చెప్పి తుదకు ఇదియని తేల్చుట నిర్ణయము. వినువానిని ఒక పనికి పురికొల్పునది ప్రయోజనము. అంతటితో ఆమె విడువలేదు. వక్తయు, శ్రోతయు, వాక్యమును, ఈ మూడును సరిగా కలిసినప్పుడే అర్థము ప్రకాశించుననియు, శ్రోతను లెక్కింపక తన యర్థమును తానే చెప్పుకొనువాని మాట నాటుకొనదనియు చెప్పెను. వక్తృత్వమును గుఱించి వ్రాయబడిన గ్రంథములు పెక్కు గలవు. ఇంతకంటె ముఖ్యమైన మాట వానిలో మాకు కనబడలేదు.

ఈ యైదును మన శివారు రైతుల సభకు పట్టించి చూతము. నీరు రాకపోవుటకు కారణము జలాశయమున నీరు లేకయా, కాలువలో పూడికవలననా, ఎగువవారు తూములు తెఱచి యుంచుటవలననా యని విడదీయవలయును, అది సూక్ష్మత. ఎన్ని యెకరములు బీడుపడి యున్నవి, ఎన్ని దినములలో నారు పనికిరాకుండ పోవునో లెక్క చెప్పవలయును, అది సంఖ్య. కష్టమును ముందును, కారణమును పిదపను, ఉపాయమును తుదను చెప్పవలయును, అది క్రమము. కారణములలో ప్రధానమైనది ఇదియని తేల్చవలయును, అది నిర్ణయము. రేపు ప్రొద్దున ఎవరు, ఎచ్చటికి, ఏమి పట్టుకొని పోవలయునో చెప్పి విరమింపవలయును, అది ప్రయోజనము. "అయ్యా, మన కాలువలో గుర్రపుడెక్క అడ్డం పడింది. నారు ఇంకో పది రోజులు ఆగదు. రేపు పొద్దున్నే ఇంటికొక మనిషి గట్టు మీదికి రావాలి. నలుగురు పెద్దలు అర్జీ పట్టుకుని ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాలి. ఎవరెవరు వస్తారో ఇప్పుడే పేర్లు చెప్పండి." దీనిని చెప్పుటకు ఒక నిమిషమైనను పట్టదు. వేదకాలమును, కాకతీయులను తరువాత తీఱిక చూచుకొని స్మరింపవచ్చును.

కావున సభకు పోవుటకు ముందు వక్త తన్ను తా నడుగవలసిన ప్రశ్నలు మూడు. వినువా రెవరు? వారికి ఇదివఱ కేమి తెలియును? నా మాట విన్న పిదప వారు చేయవలసిన దేమి? ఈ మూడింటికిని ఒక్కొక్క వాక్యమున సమాధానము వ్రాసికొనలేనివాడు ఆ దినమున మాటలాడకుండుట మేలు.

వెఱపునకు మందు

సభాకంపము సామాన్యమైన వ్యాధి. ఇంట పదిమందిని శాసించు గృహస్థుడు వేదిక యెక్కగానే నాలుక యెండి నిలువబడును. ఈ వ్యాధి చిన్నవారికేగాని పెద్దలకు లేదనుకొనువారు గాంధీమహాత్ముని యాత్మకథను చదువవలయును. లండనులో చదువు ముగించి 1891లో స్వదేశమునకు వచ్చుటకు ముందు ఆయన శాకాహార మిత్రులకు విందు చేసిరి. ఆడిసను అను ఆంగ్ల రచయిత పార్లమెంటున తొలి యుపన్యాసమునకు లేచి యొకే మాటను మూడుమాఱులు పలికి, ముందుకు సాగలేక కూర్చుండెనను కథను చెప్పి నవ్వింపదలచిరి. తీరా లేచునప్పటికి ఆ కథయు, ఉపన్యాసమును మఱపునకు వచ్చినవి. వచ్చినవారికి వందనములు చెప్పి కూర్చుండిరి. పిదప బొంబాయి స్మాల్‌కాజు కోర్టులో 30 రూపాయల ఫీజునకు తొలి కేసు పుచ్చుకొని, సాక్షిని ప్రశ్నింపలేచి, తల తిరుగగా కూలబడి, కేసును వేఱొక వకీలునకు అప్పగింపుమని చెప్పి వెడలిపోయిరి.

అట్టి మనుష్యుడు 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరమున భారతీయ వర్తకుల సభలో నిలిచి తడబాటు లేకుండ మాటలాడిరి. తమ జీవితమున తొలి బహిరంగోపన్యాస మదియేయని వారే వ్రాసికొనిరి. నడుమ ఏమి జరిగినది? ఆయన యే గురువువద్దను వక్తృత్వమును అభ్యసింపలేదు. ఆ సంవత్సరము జూను నెలలో మారిట్జుబర్గు స్టేషనున రైలుపెట్టెనుండి బయటికి నెట్టబడిరి. చెప్పవలసిన మాట యొకటి గుండెలో పుట్టినది. వినువారెవరో, వారి కష్టములేమో తెలిసినవి. వ్యాపారమున సత్యము పాటింపవలయునన్న విషయమును ముందుగా సిద్ధపఱచుకొని పోయిరి. మతభేదములు మఱచి యొక సంఘముగా నేర్పడి యధికారులకు విన్నపములు చేయవలయునని ఉపాయము గూడ చెప్పిరి. లండను విందున తానెట్లు కనబడుదునో యన్న చింత. ప్రిటోరియాలో తనవారి గతి యేమగునో యన్న చింత. తన్నుగుఱించిన తలపు శ్రోతలను గుఱించిన తలపుగా మాఱగానే వెఱపు వెనుకకు తగ్గినది. తన బిడియము తనకు మాటల పొదుపును నేర్పినదని యాయనయే తరువాత చెప్పుకొనిరి.

కావున క్రొత్తగా పలుకనేర్చువారికి మేము చెప్పగల యుపాయ మిది. తెలిసిన విషయమునే యెన్నుకొనుడు. మొదటి వాక్యమును, చివరి వాక్యమును కంఠస్థము చేయుడు. నడిమి దానిని మూడు నాలుగు గుఱుతులుగా మాత్రము చీటిపై వ్రాసికొనుడు. ఇంటివారి యెదుట ఒకమాఱు గట్టిగా పలికి చూచుకొనుడు. సభలో కాళ్ళు వణకినను చింతలేదు. శ్రోతలకు మీ కాళ్ళతో పనిలేదు, మీ మాటతో పని.

ఎంతసేపు?

1863 నవంబరు 19వ తేదీన అమెరికాలోని గెటిస్‌బర్గున ఒక సభ జరిగినది. ఆ జూలైలో మూడుదినముల యుద్ధమున మడిసిన సైనికుల శ్మశానవాటికను అంకితము చేయు సందర్భము. ప్రధానవక్త ఎడ్వర్డు ఎవరెట్టు. హార్వర్డు విద్యాపీఠమునకు అధ్యక్షుడుగా నుండినవాడు, ఆ కాలపు వక్తలలో అగ్రగణ్యుడు. ఆయన యుద్ధవృత్తాంతమును రెండు గంటలసేపు చెప్పెను. పిదప దేశాధ్యక్షుడగు అబ్రహాము లింకను లేచి సుమారు 270 మాటలు పలికి కూర్చుండెను. రెండు మూడు నిమిషములకు మించలేదు. మఱునాడు ఎవరెట్టే లింకనునకు జాబు వ్రాసి, తమరు రెండు నిమిషములలో చేరిన కేంద్రభావమునకు తాను రెండు గంటలలో చేరువ కాగలిగియున్న సంతోషింతునని యొప్పుకొనెను. పండితుడు చూపిన యీ యుదారత గూడ వక్తలు నేర్వవలసినదే.

దీనినిబట్టి పొట్టి యుపన్యాసము సులభమనుకొనరాదు. లింకను రైలులో ఏదో కాగితపు ముక్కమీద దీనిని గిలికెనన్నది కట్టుకథ. ఆయన ముందుగానే ఆలోచించి చిత్తు వ్రాసికొని వచ్చెను. ఆయన స్వహస్తమున వ్రాసిన ప్రతులు ఐదు నేటికిని నిలిచియున్నవి. నిడుపైన యుపన్యాసమునకు ఊపిరి చాలును. పొట్టి యుపన్యాసమునకు పరిశ్రమ కావలయును. ఏమి చెప్పవలయునో నిశ్చయించుకొనినవాడు ఏమి చెప్పకూడదో గూడ నిశ్చయించుకొనవలయును. మన సభలలో వక్త "రెండు మాటలు చెప్పి విరమింతును" అనినప్పుడు శ్రోతలు నవ్వుకొనుచున్నారనిన, ఆ తప్పు శ్రోతలది కాదు.

ఏ భాష?

1907 ఏప్రిలు నెలలో వంగదేశమునుండి బిపినచంద్రపాలుగారు వచ్చి యాంధ్రదేశమున స్వదేశీ స్వరాజ్యములను గుఱించి ఉపన్యసించిరి. ముట్నూరి కృష్ణారావుగారు వారి వెంట నుండిరి. పాలుగారి వాగ్ధాటి దేశవిఖ్యాతమైనది. కాని వారు మాటలాడినది ఆంగ్లమున. ఆ దినములలో ఆంగ్లము తెలిసినవారు వకీళ్ళు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు, వారును కొలదిమందియే. రాజమహేంద్రవరమున ఆ యుపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు తెలుగున చెప్పిరి. పంతులుగారికి చూపు చాలదు. కాగితముపై గుఱుతులు వ్రాసికొని చదువుకొను వీలులేదు. వినుట, గ్రహించుట, జ్ఞాపకముంచుకొనుట, తెలుగు చేయుట, ఈ నాలుగు పనులను వెంటవెంటనే చేయవలసి వచ్చినది. తుదను వారు చెప్పిన పద్యమొకటి దేశస్థితిని ఆవుతోను, దూడతోను, పాలు పిదుకువానితోను పోల్చినది. పరాయివా డేమి చేయుచున్నాడో పాడిగల ప్రతి యింటివారికిని ఒక్కసారిగా బోధపడినది. ఆ వేడిమికి విద్యార్థులు కదలిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారివంటివారు చదువులకు దూరము చేయబడిరి. పాలుగారి యాంగ్లవాక్యములను నేడు చరిత్రకారులు వెదకి చూడవలసినదే. పంతులుగారి పద్యము నేటికిని తెలుగువారి నాలుకలమీద నున్నది.

శ్రోత యనుభవమునుండి తీసిన యుపమానమునకు గల బలము ఇట్టిది. గుమాస్తాలకు ఆఫీసునుండియు, నేతగాండ్రకు మగ్గమునుండియు, రైతులకు పొలమునుండియు పోలికలు తేవలయును. పుస్తకమునుండి తెచ్చిన పోలికకు మఱల వ్యాఖ్యానము కావలసివచ్చును.

భాషను గుఱించి యింకొక మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై జీవితమంతయు పోరాడిరి. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ నేడు తెలుగుభాషా దినోత్సవముగా జరుపబడుచున్నది. వ్రాతలో మేము చేతియలవాటు విడువలేక గ్రాంథికముననే వ్రాయుచున్నాము. పాఠకులు ఒక వాక్యము బోధపడనిచో మఱల చదువుకొనగలరు. సభలో వినువాని కా యవకాశము లేదు. పలికిన మాట పోయినట్లే. కావున వేదికమీద వాడుకభాషయే భాష. అందు మాకును వాదము లేదు. పూర్వము వక్తలు అక్కఱలేని సంస్కృతము కుమ్మరించుచుండిరి. నేటివారు అక్కఱలేని ఆంగ్లము కుమ్మరించుచున్నారు. బస్సు, బ్యాంకు, రోడ్డు అను మాటలు ఎల్లరివియే. వానిని తొలగింప బనిలేదు. కాని "అమలు" అను మాట అందఱికిని తెలిసియుండగా దానిని విడిచి "ఇంప్లిమెంటేషను" అనుట శ్రోతను గుమ్మమువద్దనే నిలువబెట్టుట.

కంఠమును, యంత్రమును

కిష్కింధలో హనుమంతుడు తొలిసారి పలికిన మాటలు విని శ్రీరాముడు లక్ష్మణునితో ఆ వాక్కును మెచ్చుకొనిన ఘట్టము వాల్మీకి రామాయణమున కలదు. ఆ మెప్పు సామాన్యమైన పొగడ్త కాదు. పరీక్షకుడు లెక్కించినట్లు గుణములను లెక్కించినది. మాట విస్తారము గాదు, సందిగ్ధము గాదు, సాగదీసినదియు గాదు, తొందరపడినదియు గాదు, స్వరము మధ్యమము, పలుకునప్పుడు ముఖమునగాని, కన్నులయందుగాని, కనుబొమలయందుగాని వికారము లేదు. ఇంతకంటె నేటి యే వక్తృత్వ పాఠశాలయు చెప్పగలిగినది లేదు.

పాణినీయ శిక్ష యధమ పాఠకు లాఱుగురని చెప్పుచున్నది. రాగము తీయువాడు, తొందరపడువాడు, తల యూపువాడు, వ్రాసినది చూచి చదువువాడు, అర్థ మెఱుగనివాడు, గొంతు చాలనివాడు. ఈ యాఱుగురును నేటి మన వేదికలమీద కుర్చీలు వేసికొని కూర్చుండియున్నారు! అక్షరముల నెట్లు పలుకవలయునో యా గ్రంథమే యొక చక్కని పోలికతో చెప్పుచున్నది. ఆడుపులి తన పిల్లలను కోఱలతో పట్టుకొని పోవునప్పుడు జాఱిపోవునేమో యనియు, కఱచుకొనునేమో యనియు రెండు భయములతో పోవునట లెస్సగా పట్టుకొనును. అక్షరములనుగూడ అట్లే పట్టవలయునట. ఒత్తులు మ్రింగువారును, ప్రతి మాటను నొక్కి విఱుచువారును దీనిని జ్ఞప్తియందుంచుకొందురుగాక.

పూర్వము వక్తకు గొంతు చాలకపోవుట కష్టము. నేడు మైకు వచ్చి ఆ కష్టమును తీర్చినది, క్రొత్త కష్టమును తెచ్చినది. మైకు పెద్దగొంతును కోరదు. అది గుసగుసను గూడ పెద్దది చేయును. అఱపును మోతగా చేయును. యంత్రము ముందు నిలిచి పొలము గట్టుననుండి పిలిచినట్లు కేకలు వేయుట వక్తకును, శ్రోతకును శిక్షయే. మాటకు మాటకు నడుమ కొంచెము విరామ మిచ్చి, చివరి వరుసలోనివాని ముఖము చూచుచు పలుకవలయును. ఆతడు మెడ ముందుకు చాచిన వినబడుట లేదన్నమాట. ప్రక్కవానితో మాటలాడుచున్న, మాట యక్కఱలేదన్నమాట. రెంటికిని మందు వక్త చేతిలోనే యున్నది.

మఱియొక విశేషము. నేడు ప్రతి శ్రోత చేతిలోను సెల్‌ఫోను కలదు. అరగంట యుపన్యాసము నుండి అరనిమిషము ముక్కను కత్తిరించి ఊరూర పంపవచ్చును. కాలు జాఱిన తీసికొనవచ్చునుగాని నోరు జాఱిన తీసికొనరాదన్న సామెత ఇంత నిజమైన కాలము వేఱొకటి లేదు. ఏ వాక్యమును విడిగా తీసి చూపినను సిగ్గుపడ నక్కఱలేకుండ పలుకుట నేటి వక్తకు క్రొత్తగా ఏర్పడిన నియమము.

అడ్డుప్రశ్నలును, అసత్యమును

సభలో అడ్డుప్రశ్న వచ్చినప్పుడు మన వక్తలు కోపింతురు. అష్టావధానమున అప్రస్తుతప్రసంగము చేయుటకే యొక పృచ్ఛకుని కూర్చుండబెట్టుదురు కదా! అవధాని యాతనిపై కోపింపడు; నవ్వుచు ఒక సమాధానము చెప్పి, తాను విడిచిన పద్యపాదమును అచ్చటనే పట్టుకొనును. సభావక్తకును అదియే మార్గము. ప్రశ్న న్యాయమైనదైన సమాధానము చెప్పవలయును; తెలియనిచో తెలియదని చెప్పి, తెలిసికొని వచ్చెదనని మాట యీయవలయును. తెలియదన్న వక్తకు గౌరవము తగ్గదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పి పట్టుబడినవానికి తగ్గును.

వాక్కు కత్తివంటిది. నేర్పు కలిగిన కొలది వక్తకు మోసపుచ్చు శక్తియు పెరుగును. ద్వేషము రేపుట అన్నిటికంటె సులభమైన వక్తృత్వము. అందులకు సూక్ష్మతయు వలదు, సంఖ్యయు వలదు. అందుచేతనే సులభ జనకునితో మాటలాడుటకు ముందు, తాను కామమువలనగాని, క్రోధమువలనగాని, భయమువలనగాని, లోభమువలనగాని, గర్వమువలనగాని పలుకనని చెప్పుకొనెను. వేదిక యెక్కు ప్రతివాడును మనస్సులో చెప్పుకొనదగిన ప్రతిజ్ఞ యిది. చప్పట్లు కొట్టింపగల వాక్యము నోటికి వచ్చినప్పుడు అది నిజమా యని యొకమాఱు తన్ను తా నడుగుకొనుట మంచిది.

సభాపతులకును, శ్రోతలకును

మా పాఠకులలో పలువురు గ్రామములలో భూవసతిగల పెద్దలు, పట్టణములలో నలుగురు పిలుచు గృహస్థులు. వక్తలుగా కాకపోయినను సభాపతులుగా నైనను వారికి పిలుపులు వచ్చును. వారికొక మనవి. వేదికమీది యిరువదిమంది పేర్లును ప్రతి వక్తయు చదువు నాచారమును మాన్పింపుడు. పూలదండలకు పట్టు కాలమును ప్రశ్నలకు కేటాయింపుడు. ప్రతి వక్తకు ముందుగానే కాలము నిర్ణయించి, గడువు దాటిన బంధువునైనను ఆపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, కుర్చీలలో కూర్చుండినవారి తరువాత గాక వారికంటె ముందు, పందిరి గుంజలకు ఆనుకొని నిలిచిన కూలివారిని, వెనుకవరుసలో చెఱగు కప్పుకొని కూర్చుండిన స్త్రీలను మాటలాడనిండు. పెద్దవా డభిప్రాయము చెప్పిన తరువాత చిన్నవాడు దానికి తల యూపును. అది చర్చ కాదు. గ్రామసభలో వారి పేరును మన పేరును ఒకే జాబితాలో నున్నవి. వారు పలుకకపోయిన నష్టము వారొక్కరిదే కాదు. బోరు ఎచ్చట ఎండినదో, ఏ వీధి కొళాయికి నీరు రాదో మొదట తెలిసినది వారికే.

శ్రోతలకును ధర్మము కలదు. శ్రద్ధగా వినుట, నడుమ లేచిపోకుండుట, అర్థము కానిచో అడుగుట. ఆ దినమున ఆ వృద్ధ కర్షకుడు లేచి "బాబూ, నీళ్ళెప్పుడొస్తాయి?" అని యొక్క ప్రశ్న వేసియున్న, ఆ పండితులు ఆకాశమునుండి భూమికి దిగియుండెడివారే. వారు దుర్జనులు కారు. వారిని అడిగినవా రెవ్వరును లేకపోయిరి. అడుగకపోయినందులకు మే మాతనిని నిందింపజాలము. విద్వాంసుని మాట కడ్డము రాగూడదని మనమే యాతనికి తరతరములుగా నేర్పియున్నాము.

ఉపన్యాసమునకు పరీక్ష కరతాళధ్వని కాదు, మఱునాటి ప్రాతఃకాలము. సభకు రాని పొరుగువాడు గట్టుమీద కలిసి "నిన్న ఏం చెప్పారు?" అని యడిగినప్పుడు, విన్నవాడు తన సొంతమాటలలో రెండు ముక్కలు చెప్పగలిగిన, వానిలో నొకటి చేయవలసిన పనియైన, ఆ వక్త కృతార్థుడు. ఆ వక్త పేరు ఆతడు మఱచిపోయినను చింతలేదు.